గర్భసంచి తీసేశాక కింద జారితే

మిరప కోతల కాలం. తెల్లవారకముందే ఆటో వచ్చి ఊరి మధ్య ఆగుతుంది. ఆడకూలీలు అన్నం క్యారేజీలు పట్టుకుని ఎక్కుతారు. వాళ్ళలో ఒకామె ఉందనుకుందాం. వయసు నలభై ఐదు. ముగ్గురు బిడ్డల తల్లి. పదేళ్ళ కిందట గర్భసంచి తీయించుకుంది.

ఈ మధ్య ఆమెకు ఒక కొత్త బాధ మొదలైంది. వంగి కాయ కోస్తుంటే కింద ఏదో దిగుతున్నట్టు ఉంటుంది. సాయంత్రానికి నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగులుతుంది. నడుం లాగేస్తుంది. రాత్రి పడుకుంటే ఆ ఉబ్బు లోపలికి పోతుంది. పొద్దున లేచి నాలుగు అడుగులు వేస్తే మళ్ళీ దిగుతుంది.

ఆమె మొగుడికి చెప్పలేదు. కూతురికీ చెప్పలేదు. పక్క సాలులో కోసే ఆమెకు మాత్రం ఒకరోజు మెల్లగా చెప్పింది.

"నీకు సంచే లేదు గదా వదినా, ఇంకేం జారుతుంది?" అంది పక్కామె.

మంచి ప్రశ్నే. గర్భసంచి లేకపోయినా జారడం ఉంటుంది. దానికి వైద్యం కూడా ఉంది. ఒక రకం కాదు, నాలుగైదు రకాలు ఉన్నాయి. ఏది ఎవరికి సరిపోతుందో తెలియాలంటే ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

ఉట్టీ, నులక మంచమూ

ఉట్టిలో కుండ ఉంటుంది. కుండను తాళ్ళు పట్టుకుంటాయి. తాళ్ళను దూలానికి కడతారు. ఆడవాళ్ళ పొత్తికడుపులో గర్భసంచి కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. దాని కింది కొన యోని దారిలోకి, అంటే బిడ్డ బయటికి వచ్చే దారిలోకి దిగి ఉంటుంది. పక్కలా, వెనకా తాళ్ళలాంటి గట్టి కట్లు దాన్ని నడుం ఎముకల వైపు పట్టి ఉంచుతాయి. అన్నిటికంటే అడుగున కండరాలు నులక మంచంలా అల్లుకుని ఉంటాయి. పైన కట్లు పట్టుకుంటాయి. కింద నులక మోస్తుంది.

ఆ కట్లు పట్టి ఉంచేది గర్భసంచిని ఒక్కదాన్నే కాదు. యోని దారి పై కొసను కూడా అవే పట్టి ఉంచుతాయి. గర్భసంచి తీసేటప్పుడు డాక్టర్లు ఆ కట్లను కోయక తప్పదు. సంచి తీశాక యోని దారి పై కొస తెరుచుకుని ఉంటుంది. దాన్ని కుట్టి మూసేస్తారు. మిరపకాయ నింపిన టిక్కీకి మూతి కుట్టినట్టే. కుట్టిన ఆ కొసను, కోసిన కట్లతో కలిపి గట్టిగా కట్టాలి. ఆ కట్టు సరిగా పడకపోతే కొస కిందికి దిగుతుంది. కట్టు బాగానే పడినా, ఏళ్ళు గడిచే కొద్దీ వదులైతే అప్పుడూ దిగుతుంది.

చొక్కా చేతిని లోపలి నుంచి పట్టి లాగితే అది తిరగబడి వస్తుంది. యోని దారి కూడా అలాగే తిరగబడి వస్తుంది. చేతికి తగిలేది యోని గోడ. అది క్యాన్సరు గడ్డ కాదు. మళ్ళీ మొలిచిన గర్భసంచీ కాదు. ఆ గోడ వెనక మూత్రపు సంచి గానీ, పేగు గానీ కొంచెం దిగి ఉండవచ్చు. అందుకే కొందరికి మూత్రం పూర్తిగా రాదు. కొందరు విరేచనానికి వెళ్ళినప్పుడు ఉబ్బును వేలితో లోపలికి నెట్టుకుంటారు. ఈ మాట డాక్టరుకు చెప్పడానికి చాలా మంది సిగ్గుపడతారు. కానీ డాక్టరుకు బాగా పనికొచ్చే మాట ఇదే.

కుట్టిన ఆ పై కొసను డాక్టర్లు 'వాల్ట్' అంటారు. అది జారితే 'వాల్ట్ ప్రొలాప్స్' అంటారు. చీటీ మీద ఈ మాట కనిపిస్తే అర్థం ఇదే.

ఎవరికి జారుతుంది?

ఎక్కువ కాన్పులు అయినవాళ్ళకి, కాన్పు కష్టమైనవాళ్ళకి నులక ముందే వదులై ఉంటుంది. కాన్పు అయిన పది రోజులకే చేలోకి దిగినవాళ్ళు ఈ జిల్లాల్లో తక్కువేమీ కాదు. బరువులు ఎత్తడం, మలబద్ధకం, తగ్గని దగ్గు, ఇవన్నీ లోపలి నుంచి కిందికి నెడతాయి. మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళకి ఘాటుతో రోజంతా దగ్గూ తుమ్ములూ ఉంటాయి. ఒక్కో దగ్గూ ఆ నులక మీద పడే దెబ్బే. ముట్లు ఆగిపోయాక ఒంట్లో ఆడ హార్మోను తగ్గుతుంది. అప్పుడు కట్లు ఇంకా పలచబడతాయి.

గర్భసంచి ఎందుకు తీశారు అన్నదీ ముఖ్యమే. 1999లో అచ్చయిన ఒక ఇటలీ పరిశీలన ఉంది. గర్భసంచి జారిందని తీయించుకున్న 100 మందిలో సుమారు 12 మందికి తర్వాత వాల్ట్ జారింది. వేరే కారణాలకు తీయించుకున్నవాళ్ళలో 100కి ఇద్దరికే జారింది. జారడం ముందే ఉన్నవాళ్ళకి కట్లు మొదటినుంచీ బలహీనం. సంచి తీసినంత మాత్రాన కట్లకు బలం రాదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. 2015-16లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగారు. దేశం మొత్తం మీద 100 మందిలో ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 100కి దాదాపు 9 మందికి తీసేసి ఉంది. ఏ రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. 2019-21 సర్వేలోనూ లెక్క ఇంచుమించు అంతే. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

క్యాన్సరు ఉంటే, పెద్ద గడ్డలు ఉంటే, ఏ మందుకూ రక్తస్రావం ఆగకపోతే గర్భసంచి తీయడం సరైన వైద్యమే. కానీ తెల్లబట్టకు సంచి తీయక్కర్లేదు. నడుంనొప్పికీ తీయక్కర్లేదు. తెల్లబట్ట ఎక్కువగా అంటురోగం వల్ల అవుతుంది, మందులతో తగ్గుతుంది. 'ఇప్పుడు తీయించకపోతే క్యాన్సరవుతుంది' అని భయపెడితే పరీక్ష కాగితం చూపించమని అడగాలి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు చెప్పింది. సంచి జారినా తీయడం ఒక్కటే దారి కాదు. బొంబాయి డాక్టరు విఠల్ నాగేశ్ షిరోద్కర్, మరికొందరు మన దేశపు డాక్టర్లు చిన్న వయసు ఆడవాళ్ళ కోసం వేరే ఆపరేషన్లు కనిపెట్టారు. సంచి తీయకుండా, పట్టీలతో పైకి లాగి కట్టడం వాటి పద్ధతి.

ఆపరేషనుకు ముందు

వాల్ట్ జారిన ప్రతివాళ్ళకీ ఆపరేషను అక్కర్లేదు. ఉబ్బు చిన్నదై, బాధ లేకపోతే ఊరికే కనిపెట్టి ఉండవచ్చు. అడుగు కండరాలకు ఒక వ్యాయామం ఉంది. మూత్రం వస్తుంటే బిగబట్టినట్టు కండరాలను లోపలికి బిగించాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా చేయాలి. మూత్రానికి కూర్చున్నప్పుడు మాత్రం చేయకూడదు. ఆటోలో కూర్చుని చేసినా పక్కవాళ్ళకి తెలియదు. పూర్తిగా దిగిపోయిన వాల్ట్ దీనితో పైకి పోదు. తక్కువ జారుడు ఉన్నవాళ్ళకే ఇది పనిచేస్తుంది.

రెండోది రింగు. మెత్తని సిలికాన్‌తో చేస్తారు. డాక్టరు కొలత చూసి లోపల పెడతారు. అది గోడలను ఆపుతుంది. నొప్పి ఉండకూడదు. నడిస్తే జారిపోకూడదు. డాక్టరు చెప్పిన గడువులో వెళ్ళి తీయించి, శుభ్రం చేయించుకోవాలి. తీసి పెట్టుకోవడం కొందరు తామే నేర్చుకుంటారు. పెట్టించుకుని మర్చిపోతే లోపల పుండు పడుతుంది. రింగు కొత్త ఆలోచనేం కాదు. పూర్వం గ్రీసు దేశంలో సగం కోసిన దానిమ్మకాయ పెట్టేవాళ్ళట! ఇప్పుడు అలాంటివేవీ ఎవరూ పెట్టుకోకూడదు. గుడ్డ ఉండలు కూడా పెట్టుకోకూడదు. ఆకు పసర్లు అసలే కూడదు.

గుండెజబ్బు ఉన్నవాళ్ళకి, ఆపరేషనుకు ఇంకా సిద్ధంగా లేనివాళ్ళకి రింగు మంచి సాయం. కోతలు అయ్యేదాకా రింగుతో నెట్టుకురావడం తప్పేమీ కాదు.

ఆపరేషన్లు ఏవి?

పని ఒక్కటే. జారిన కొసను పైకి ఎత్తి, గట్టిగా ఉన్న దేనికో కట్టాలి. దేనికి కడతారు, ఏ దారిన వెళ్ళి కడతారు అన్నదాన్నిబట్టి ఆపరేషను మారుతుంది.

ఒకటి కడుపు దారి. వెన్నెముక అడుగున, పిరుదుల పైభాగంలో వెడల్పాటి ఎముక ఉంటుంది. ఉట్టికి దూలం లాంటిది ఇదే. వాల్ట్‌కు ఒక సన్నని వల పట్టీ కుట్టి, దాని రెండో కొసను ఈ ఎముక మీది గట్టి పొరకు కుడతారు. పొట్ట కోసి చేయవచ్చు. చిన్న రంధ్రాలు పెట్టి గొట్టంతో, అంటే ల్యాపరోస్కోపుతో కూడా చేయవచ్చు. రంధ్రాలతో చేస్తే నొప్పి తక్కువ, ఇంటికి తొందరగా వెళ్తారు. కానీ ఆ పనిలో చెయ్యి తిరిగిన డాక్టరు ఉండాలి. ఈ ఆపరేషను ఎక్కువ కాలం నిలుస్తుంది. యోని దారి పొడవు తగ్గదు కాబట్టి భార్యాభర్తల కలయికకు ఇబ్బంది తక్కువ. చేయడానికి సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. అరుదుగా వల లోపల గోడను ఒరుసుకుని బయటపడవచ్చు.

రెండోది కింది దారి. పొట్ట మీద కోత ఉండదు. యోని దారిలోంచే వెళ్ళి, కొసను పిరుదు లోపలి భాగంలో ఉన్న గట్టి కట్టుకు కుడతారు. చాలాసార్లు ఒక పక్కే, కుడి పక్కనే కుడతారు. ఆపరేషను తొందరగా అవుతుంది. తర్వాత కొన్నాళ్ళు పిరుదులో నొప్పి ఉండవచ్చు. అది చాలా మందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఇదే దారిలో ఇంకో పద్ధతి ఉంది. కోసిన పాత కట్ల మిగిలిన భాగాలను పైన వెతికి పట్టుకుని, వాటికే మళ్ళీ కడతారు. మూత్రం వచ్చే సన్న గొట్టాలు ఆ పక్కనే ఉంటాయి. అవి కుట్టులో మడత పడకుండా డాక్టరు చూసుకోవాలి.

రెండు దారులనూ పోల్చిన పరిశోధనలను 2016లో కలిపి చూశారు. కడుపు దారి చేయించుకున్నవాళ్ళలో 100కి ఏడుగురికి మళ్ళీ ఏదో జారినట్టు అనిపిస్తే, కింది దారి చేయించుకున్నవాళ్ళలో సుమారు 14 మందికి అనిపించవచ్చని తేలింది. అలాగని అందరూ కడుపు దారే కోరుకోనక్కర్లేదు. అరవై ఐదేళ్ళ మనిషికి, ఆయాసం ఉన్న మనిషికి పొట్ట కోయని పద్ధతే మేలు కావచ్చు.

మూడోది దారి మూసేయడం. యోని ముందు గోడనూ వెనక గోడనూ కలిపి కుట్టేస్తారు. గర్భసంచి జారినవాళ్ళకి పారిస్ డాక్టరు లెఫోర్ట్ 1877లో చేసి చూపించిన ఆపరేషను ఇలాంటిదే. మూత్రం దారికీ, విరేచనం దారికీ అడ్డం ఉండదు. మత్తు తక్కువసేపు చాలు. మళ్ళీ జారడం చాలా అరుదు. కానీ ఆ తర్వాత భార్యాభర్తల కలయిక ఉండదు, ఎప్పటికీ ఉండదు. అందుకే ఇది వయసు మళ్ళినవాళ్ళకి, ఇక ఆ అవసరం లేదని తామే చెప్పినవాళ్ళకి. 'ముసలిదానికి ఇంకెందుకు' అని కొడుకో కోడలో చెప్పే మాట ఇక్కడ చెల్లదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి.

వల సంగతిలో ఒక జాగ్రత్త. ఒకప్పుడు యోని దారిలోంచే వల పెట్టే ఆపరేషన్లు చాలా దేశాల్లో జరిగాయి. వల బయటపడి, నొప్పులతో ఎంతోమంది బాధపడ్డారు. జారుడు కోసం అలా పెట్టే వలల అమ్మకాన్ని 2019 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఆపించింది. కడుపు దారిన ఎముకకు కట్టే వల వేరు. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. డాక్టరు వల అన్నప్పుడు 'ఏ దారిన పెడతారమ్మా?' అని అడగాలి.

డాక్టరమ్మ దగ్గర

ఊళ్ళో ఆశా కార్యకర్తకు చెబితే తోడు వస్తుంది. ఇలాంటి ఆపరేషనుకు పెద్దాసుపత్రికి వెళ్ళడం మంచిది. గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. దానికి చెందిన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఆడవాళ్ళ జబ్బులకు వేరే విభాగం ఉంది. ప్రకాశం వైపు వాళ్ళకి ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఆధార్, రేషను కార్డులతో పాటు పాత ఆపరేషను కాగితాలు కూడా పట్టుకెళ్ళాలి. సంచి ఎందుకు తీశారో, అండాశయాలు కూడా తీశారో లేదో ఆ కాగితాల్లో ఉంటుంది. చాలా మంది ఆ కాగితాలు ఎప్పుడో పారేసి ఉంటారు. లేకపోయినా వెళ్ళాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఉచిత వైద్య పథకంలో ఈ ఆపరేషను వస్తుందా, వస్తే ఏ ఆసుపత్రిలో వస్తుంది అని పథకం కౌంటరులో ముందే అడగాలి.

డాక్టరమ్మ పడుకోబెట్టి చూస్తారు. దగ్గమంటారు. ఒక్కోసారి నిలబెట్టి చూస్తారు. ఇందులో నొప్పి ఉండదు. ఉబ్బును పైకి నెట్టిపట్టి కూడా దగ్గమంటారు. దీనికో కారణం ఉంది. జారిన గోడ మూత్రం దారిని మడతపెట్టి ఉంచుతుంది. పైకి ఎత్తి కట్టాక ఆ మడత విప్పుకుంటుంది. అప్పుడు దగ్గితే మూత్రం కారడం కొత్తగా మొదలవవచ్చు. ముందే తెలిస్తే దానికీ వైద్యం ఆలోచిస్తారు. రక్తం, మూత్రం, షుగరు, బీపీ చూస్తారు. రక్తం తక్కువుంటే ముందు దాన్ని సరిచేస్తారు. గోడ మీద పుండు ఉంటే మానేదాకా మందు రాయిస్తారు.

'ఏ ఆపరేషను చేస్తారు? ఎందుకు అదే?' 'మీరు ఇలాంటివి చేస్తుంటారా?' 'తర్వాత సంసారానికి ఇబ్బందా?' 'మళ్ళీ జారితే ఏం చేస్తారు?' ఇవి అడగాల్సిన మాటలు. వేలిముద్ర వేసే రోజుల్లో కాగితం మీద ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు సంతకం పెట్టేముందు కాగితం చదవవచ్చు. అర్థం కాకపోతే చదివి చెప్పమనవచ్చు.

మూత్రం అసలు రాకపోతే, ఉబ్బు లోపలికి పోకుండా నల్లబడితే, రక్తం కారితే, చీము వాసనతో జ్వరం వస్తే మాత్రం ఓపిడీ రోజు కోసం ఆగకూడదు. వెంటనే వెళ్ళాలి.

తర్వాత ఇల్లు

ఆసుపత్రిలో సాధారణంగా కొద్ది రోజులే ఉంటారు. అసలు పని ఇంటి దగ్గరే. కనీసం ఆరు వారాలు బిందె ఎత్తకూడదు. గడ్డిమోపు ఎత్తకూడదు. కలయిక కూడదు. బరువు పనికి మూడు నెలలు ఆగమని చాలా మంది డాక్టర్లు చెబుతారు. లోపలి కుట్టు మానినట్టు బయటికి కనిపించదు. నొప్పి లేదు కదా అని పదిహేనో రోజున చేలోకి వెళ్తే ఆపరేషను అంతా దండగ. ముక్కకుండా విరేచనం కావాలి. నీళ్ళు, ఆకుకూరలు, జామకాయ బాగా తినాలి. దగ్గు ఉంటే మందు వాడాలి. జ్వరం వచ్చినా, రక్తస్రావం ఎక్కువైనా, కాలు వాచినా వెంటనే చూపించాలి.

మూడు నెలలు కూలి లేకపోతే ఎలా? ఇది చిన్న ప్రశ్న కాదు. చాలా మంది ఆడవాళ్ళు ఆగిపోయేది ఇక్కడే. నీళ్ళు ఎవరు మోస్తారు, గేదెను ఎవరు చూస్తారు, పొదుపు సంఘం కిస్తీ ఎలా కడతారు అన్నది ఆసుపత్రికి వెళ్ళకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. భర్త బిందె ఎత్తితే చేతులేం అరిగిపోవు.

మొదట్లో అనుకున్న ఆమె సంగతి. ఆమెకు రింగు పెట్టారనుకుందాం. ఆ రింగుతోనే కోతలు పూర్తి చేసింది. మిరపకాయ కల్లాల నుంచి యార్డుకు చేరేసరికి ఏప్రిల్ దాటుతుంది. మే నెలలో చేలు ఖాళీ. అప్పుడు ఆపరేషను చేయించుకుంటే, పత్తి విత్తనాలు వేసే జూన్, జూలై నెలలు ఇంట్లోనే ఉంటుంది. మూడు నెలలు నిండేసరికి పత్తిలో కలుపు పని ఉంటుంది. కలుపు తీతకు వెళ్ళవచ్చో లేదో డాక్టరమ్మకు ఇంకోసారి చూపించుకుని తేల్చుకోవాలి. టిక్కీలు మోసే పని మాత్రం ఆమె ఇక ఒప్పుకోకూడదు.